సగం సాక్ష్యం

టీచరమ్మ ఇంకా మొదటి మాటలోనే ఉంది, ఉండనీ, ఇంకో అరగంట ఉండనీ, ప్రతి ఏడూ ఈ ప్రేమజ్యోతి టీచరమ్మ మైకు పట్టుకుంటే వదలదని అందరికన్నా ముందు విసుక్కునేది సుందరమే, మనిషికి ఇరవై నిమిషాలేనని సంఘం తీర్మానం చేసింది కూడా ఆయన పోరు పడలేకే, ఈ రోజు మాత్రం ఆమె ఎక్కడ ఆమెన్ అనేస్తుందోనని భయపడుతున్నాడు, సాగదీయమ్మా తల్లీ, క్షమాపణ గురించి ఎంతసేపైనా చెప్పొచ్చు, నువ్వు ముగించావంటే తర్వాత నేను లేవాలి, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో రెండోది, పక్క సిలువ మీది దొంగకు పరలోకంలో, పరదైసులో, చోటిస్తానన్న మాట, గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటలకు ఏడుగురు మాట్లాడతారు, రెండోది సంఘ పెద్దకిచ్చే మాట, పదేళ్ళుగా అది సుందరానిదే, ఆ మాట చెబుతూ చెబుతూ ఆయన దేవుడు తనను ఎట్లా బతికించాడో చెప్పే సాక్ష్యంలోకి దిగుతాడు, అది వినడానికే ఎర్రగుంట్ల నుంచి కొందరు ఆటో మాట్లాడుకొని వస్తారు, అది వినడానికే ఈ రోజు ఆ పిల్ల కూడా వచ్చింది, అదిగో స్త్రీల వైపు మూడో వరసలో, తన పెండ్లాం జీవమ్మ పక్కన, చున్నీ తలమీద నిలవక మాటిమాటికీ లాక్కుంటూ.

చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు, అచ్చం ఓబుళేశు ముక్కే, ఆ కొసన వంపుతో సహా, వాడు పోయి పద్దెనిమిదేళ్ళు, అప్పుడీ శివజ్యోతికి ఆరేళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వాళ్ళమ్మ రామేశ్వరమ్మ వెంట వచ్చి సుందరం మామా నాకేం తెచ్చినావు అని జేబులు వెతికేది, పొద్దున చర్చి బయట కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే వెనక నుంచి అదే పిలుపు, సుందరం మామా నువ్వేనా, ఎవరమ్మా నువ్వు అన్నాడు, నేను మామా, ఓబుళేశు కూతుర్ని, ఇప్పుడు వేంపల్లెలో ఉండాం, బట్టలంగట్లో పని చేస్తాండా, అంది, ఆ పేరు ఆయన ఏటా మైకులో వందలమంది ముందు పలికే పేరే, ఆ పిల్ల నోటినుంచి వింటే మాత్రం చేతిలో చెంబు జారింది, కొళాయి కట్టేయడం కూడా మరిచిపోయాడు, నీ వీడియో చూసినా మామా, అంది.

ఆ వీడియో, కొత్తగా వచ్చిన పాస్టరు జోసెఫ్ పోయిన ఏడు ఇదే చోట నిలబెట్టి ఫోనులో తీసింది, దేవుడున్నాడనడానికి బతికున్న రుజువు అని పేరు పెట్టి ఎక్కించాడు, లక్షమంది చూశారయ్యగారూ అని వారానికోసారి చెప్తుంటే ఈ ముసలి గాడిద మీసం దువ్వుకున్నాడే, ఆ లక్షమందిలో రామేశ్వరమ్మ కూడా ఉంటుందని ఒక్కసారైనా తోచిందా, మా యమ్మకు పక్కింటామె చూపించింది మామా, అంది పిల్ల, నువ్వు మా నాయన నరకంలో ఇంకా కాలుతాండాడని చెప్పినావు, నాలిక మీద చుక్క నీళ్ళకు అడుక్కుంటాండాడని చెప్పినావు, అది విన్నకాడ్నుంచి మా యమ్మ నాయన ఫోటో ముందర నీళ్ళు పెడుతుంది, పొద్దున, మద్దేన్నం, సాయంత్రం, పాతవి పారబోసి కొత్తవి పెడుతుంది, తను మాత్రం కడవలో సల్లనీళ్ళు ముట్టదు, ఈ ఎండల్లో కాచిన నీళ్ళు తాగుతుంది, ఆయప్పకు లేంది నాకెందుకంటుంది, అదంతా ఉత్తమాటమ్మా అని నేను చెప్తే ఇనదు, సుందరప్ప మీ నాయనకు ప్రాణం, ఆయప్ప అబద్ధం చెప్పడు అంటుంది, చెప్పు మామా, మా నాయన ఆడుండాడని నీకెట్ల తెల్సు.

కోపంగా అడిగినా బాగుండేది, నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టేవాళ్ళకు జవాబు చెప్పడం సుందరానికి బాగా వచ్చు, బైబిలు వాక్యం ఎత్తి ఇట్టే నోరు మూయిస్తాడు, ఈ పిల్ల బస్సు ఎన్నింటికి వస్తుందని అడిగినట్టు అడిగింది, తెలిసిన మనిషి కదా చెప్తాడని, ఆయన ఏమన్నాడు, ఛీ, ఆరాధన అయినాక మాట్లాడుకుందాంలేమ్మా, ఉపవాసం పూట, అన్నాడు, ఉపవాసానికీ దీనికీ ఏం సంబంధం, అడ్డం పెట్టుకోవడానికి ఉపవాసం దొరికింది అంతే, పక్కనే నిలబడి అంతా విన్న జీవమ్మ మొగుడి మొహం వైపు ఒకసారి చూసింది, రా పాపా అని ఆ పిల్ల చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది, జీవమ్మకు తెలుసు, మొదటినుంచీ తెలుసు, ప్రతి గుడ్ ఫ్రైడే రెండో మాట మొదలుకాగానే ఆమె ఏదో పని కల్పించుకొని బయటికి పోతుంది, గంజి ఎంతవరకు ఉడికిందో చూసొస్తానని, చెప్పులు సర్దొస్తానని, పదేళ్ళలో ఒక్కసారి కూడా పెండ్లాం తన సాక్ష్యం పూర్తిగా వినలేదని సుందరానికి తెలుసు, దాని మీద ఇద్దరూ ఎప్పుడూ నోరెత్తలేదు.

టీచరమ్మ చేయి ఊపుతోంది, తండ్రీ వీరిని క్షమించు అంటూ తానే కళ్ళు తుడుచుకుంటోంది, ఫ్యాను మూడు రెక్కలూ కనబడేంత నిదానంగా తిరుగుతోంది, వోల్టేజీ లేదు, ఎండకు రేకుల కప్పు టిక్కు టిక్కుమంటోంది, తెల్ల చొక్కా వీపుకు అతుక్కుంది, జోసెఫ్ పాస్టరు ముక్కాలి కర్రమీద ఫోను బిగించి తనవైపు చూసి నవ్వాడు, తర్వాత మీదేనయ్యగారూ అన్నట్టు, లైవు, ఈసారి నేరుగా పోతుందట, ఎవరెవరు చూస్తారో, రామేశ్వరమ్మ చూస్తుందా, ఏం చెప్పాలి, మామూలుగా చెప్పేదే చెప్పేస్తే, ఒక్క ఈ ఏడు ఓబుళేశు పేరు తీసేసి ఒక మనిషి అంటే, లేదంటే ఆ ఊసే లేకుండా దొంగ గురించి మాత్రమే నాలుగు మాటలు చెప్పి కూర్చుంటే, ఎర్రగుంట్ల నుంచి వచ్చినవాళ్ళు ఊరుకుంటారా, సాక్ష్యం ఏదయ్యా అనరూ, ఆ సాక్ష్యం విని బాప్తిస్మం పొందిన ఇళ్ళు ఏడు, ఆ ఏడిళ్ళవాళ్ళూ ఇక్కడే ఉన్నారు, వాళ్ళు దేనిమీద నమ్మకం పెట్టుకున్నారు, దేవుడి మీదా, సుందరం నోటిమీదా.

రుజువు రుజువు అని ఎంత ఎగిరాడు, ఫ్యాక్టరీ ముందర టీ బంకు దగ్గర ఫిట్టరు పరమేషుతో ఎన్ని వాదనలు, పరమేషు దేవుడూ లేడు దయ్యమూ లేదనే రకం, వానితో వాదించడమంటే సుందరానికి పండగ, చేతికున్న గడియారం విప్పి బల్లమీద పెట్టేవాడు, ఇది చేసినోడు లేకుండా ఇది వచ్చిందా పరమేషూ, మరి సూర్యుడు, చంద్రుడు, నీ కన్నుగుడ్డు, ఎవుడూ చేయకుండానే వచ్చినాయా, అని, పరమేషు నవ్వి, సరేప్పా, ఎవుడో చేసినాడే అనుకుందాం, వాడే నిన్ను బతికించినాడని ఎట్ల తెల్సు, అంటే, అప్పుడు తీసేవాడు తురుపు ముక్క, నేను ఉండాల్సిన చోట, నా పనిలో, నా కడ్డీ పట్టుకొని ఇంకోడు నిలబడి కాలిపోయినాడు, నేను మందిరంలో ఉండా, ఇంతకన్నా రుజువు ఏం కావాలప్పా, అని, ఒకసారి పరమేషు గ్లాసు కింద పెట్టి మెల్లగా, నువ్వు బతకడం రుజువైతే ఓబుళేశు చావడం దేనికి రుజువప్పా, అన్నాడు, సుందరం గట్టిగా నవ్వేసి వాడు నమ్మలేదు కదా అన్నాడు, అవును, అదే అన్నాడు, నవ్వుతూ అన్నాడు, కలిసి ఒక క్యారియర్లో తిన్నవాడి గురించి.

ఒక క్యారియర్లోనే, తక్కినవాళ్ళు కాస్త ఎడంగా కూర్చొని తినేవాళ్ళు, ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు, ఓబుళేశు మాత్రం నేరుగా వచ్చి పక్కన కూలబడి, మా వదిన ఈ రోజు ఏం జేసింది అని మూత తీసేవాడు, జీవమ్మ చేసే ఉలవచారంటే ప్రాణం వాడికి, పద్దెనిమిదేళ్ళ కిందట ఆ ఏడు గుడ్ ఫ్రైడేకు సుందరానికి మొదటిసారి మాట దక్కింది, నాలుగోది, చెయ్యి విడిచావెందుకని యేసు తండ్రిని అడిగే మాట, దాన్ని వివరించడం కష్టం కనుక పెద్దలెవరూ ముట్టరు, కొత్తవాళ్ళ నెత్తిన పెడతారు, అయినా సుందరానికి నేలమీద కాలు నిలవలేదు, కంట్రాక్టరు మాత్రం సెలవు లేదు పొమ్మన్నాడు, మొహం వేలాడేసుకొని కూర్చుంటే ఓబుళేశు అడిగాడు ఏమప్పా అట్లుండావు అని, చెప్తే వాడు అన్న మాట, ఆ మాట, ఇప్పుడిక్కడ కూర్చున్న సుందరం తల దించుకున్నాడు, చెమట ముక్కు కొసనుంచి వాక్యం పుస్తకం అట్టమీద పడింది, దేవుడుండాడో లేడో నాకు తెలీదు సుందరం, అన్నాడు ఓబుళేశు, ఉలవచారు వేళ్ళు నాకుతూ, దేవుడుండాడో లేడో నాకు తెలీదు గానీ, నువ్వు మాట్లాడాలని ఆశపడ్తాండావు కదా, అది ఉండాది, పో, నీ పని నేను చేస్తా.

అదీ మొత్తం మాట, సాక్ష్యంలో ఉన్నది మొదటి సగమే, దేవుడుండాడో లేడో నాకు తెలీదు, అక్కడ ఆపి, జనం వైపు చూసి, గొంతు తగ్గించి, ప్రియులారా, ఆ మాట అన్న రెండో రోజే, అని సాగించేవాడు, మొదటి ఏడు అట్ల చెప్పలేదు, నా బదులు ఒకాయన పనికి పోయినాడు, ఆయన పోయినాడు నేను మిగిలినా, అని ఏడ్చాడు, ఆ ఏడుపులో అబద్ధం లేదు, అప్పటి పెద్ద పాస్టరు తర్వాత పక్కకు పిలిచి, ఆయన విశ్వాసేనా, అని అడిగాడు, కాదయ్యా, మరి అది చెప్పాల కదా సుందరం, జనానికి హెచ్చరిక కావాల, అన్నాడు, మరుసటి ఏడు అది చెప్పాడు, జనం ఆహా అన్నారు, ఆ మరుసటి ఏడు మొదటి సగం మాట చేర్చాడు, జనం ఉలిక్కిపడ్డారు, ఇంకో ఏడు వెటకారంగా నవ్వినాడని కలిపాడు, ఏటా కాస్త ఉప్పు, కాస్త కారం, బైబిల్లోని ఆ ధనవంతుడి కథ, మంటల్లోంచి వేలు తడిపి నాలికమీద పెట్టమని బతిమాలినవాడి కథ, అది తెచ్చి ఓబుళేశుకు తగిలించిందెవరు, ఏ పాస్టరూ చెప్పలేదు, ఆ ముక్క సుందరం సొంతం, ఆడవాళ్ళు ఏడ్చేది సరిగ్గా అక్కడే.

అసలు వాడికి ఆ పని రాదు, అది చెప్పాడా ఎప్పుడైనా ఈ మైకులో, ఓబుళేశు బస్తాలు మోసే మనిషి, లారీలకు సిమెంటు ఎత్తేవాడు, సుందరం పని పైన, ఎత్తైన టవరులో, వేడి పొడి గొట్టంలో గడ్డకట్టి ఇరుక్కుంటే పొడుగు ఇనుప కడ్డీలతో పొడిచి దించాలి, ఎదురుగా నిలబడకూడదు, పక్కకు నిలబడి పొడవాలి, గడ్డ విడిందంటే ఆ పొడి నీళ్ళకన్నా వేగంగా బయటికి దుంకుతుంది, ఎర్రగా, పక్కకు నిలబడాలని వాడికి చెప్పానా, చెప్పే ఉంటాను, గేటు దగ్గర క్యారియర్ చేతిలో పెట్టి ఈ రోజు జామేమీ పడదులే ఓబుళేశూ అన్నది గుర్తుంది, జీవమ్మ నీకని ఉలవచారు పెట్టింది అన్నది గుర్తుంది, పక్కకు నిలబడు అన్నది, అన్నానా, పద్దెనిమిదేళ్ళుగా మనసులో ఆ గేటు దగ్గరికి పోయి నిలబడతాడు, తన నోటివైపే చూస్తాడు, ఆ మాట వినబడదు, తొందర, పన్నెండు కాకముందే చర్చిలో ఉండాలన్న తొందర, కొత్త తెల్ల చొక్కా సంచిలో ఉంది, మడత చెదురుతుందేమోనని సంచి చూసుకుంటున్నాడు.

టీచరమ్మ కండ్లు మూసుకొమ్మంది, ప్రార్థన, అయిపోయింది, ఇంక రెండు నిమిషాలు, అందరూ కళ్ళు మూసుకున్నారు, సుందరం మూసుకోలేదు, ఆ పిల్ల కూడా మూసుకోలేదు, ఇటే చూస్తోంది, ఆ కళ్ళు రామేశ్వరమ్మవి, ఆసుపత్రి వరండాలో అట్లాగే చూసింది రామేశ్వరమ్మ, రాప్పా, నిన్నే అడుగుతాండాడు పొద్దున్నుంచి, అంది, అది ఈస్టరు రోజు, ఆరాధన అయ్యాక అదే తెల్ల చొక్కాలో పోయాడు, రెండు రోజులు పోకుండా ఎక్కడ దాక్కున్నాడు, పండగ పని ఉందని తనకు తాను చెప్పుకున్నాడు, దోమతెర కింద తెల్లగా చుట్టిన మూట, కళ్ళు మాత్రమే ఓబుళేశువి, ఆ కళ్ళు తన చొక్కాను చూశాయి, మాట్లాడినావా, అన్నాడు వాడు, గొంతు గాలిలాగా వచ్చింది, మాట్లాడినా, అన్నాడు సుందరం, జనం బాగా విన్న్యారా, బాగా విన్న్యారు, అయితే సరి, అన్నాడు ఓబుళేశు, సాయంత్రానికి పోయాడు, ఆఖరి మాట, ఏడు మాటలకు ఏడుగురు వివరం చెప్పే ఊళ్ళో ఆ ఆఖరి మాట సుందరం ఒక్కరికీ చెప్పలేదు, జీవమ్మకు కూడా చెప్పలేదు, రామేశ్వరమ్మ అప్పుడు వరండాలోనే ఉంది, ఆమె వినలేదు, మొగుడు చివరికి ఏమన్నాడో పద్దెనిమిదేళ్ళుగా ఆమెకు తెలీదు, సుందరం చెప్పిందే తెలుసు, నీళ్ళకు అడుక్కుంటున్నాడని.

ఆమెన్, రెండో మాట మన సంఘ పెద్ద సుందరంగారు, అంది జోసెఫ్ గొంతు, సుందరం లేచాడు, మోకాళ్ళు చిటుక్కుమన్నాయి, జంఖానా మీద మనుషుల మధ్య దారి చేసుకుంటూ ముందుకు నడుస్తున్నాడు, పది అడుగులు, జీవమ్మ ఈసారి బయటికి పోలేదు, కదలకుండా కూర్చుంది, ఆ పిల్ల చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది, నీకెట్ల తెల్సు మామా, ఎట్లా తెలుసు, వాక్యంలో ఉందని చెప్పొచ్చు, నమ్మనివాడికి ఇదీ గతి అని చూపించొచ్చు, కానీ ఆ పిల్ల వాక్యాన్ని అడగలేదు, తనను అడిగింది, నువ్వు నమ్ముతావా సుందరం, ఓబుళేశు మంటల్లో ఉన్నాడని ఎప్పుడైనా, ఒక్క పూటైనా, నిజంగా నమ్మావా, నమ్మి ఉంటే అన్నం సయించేదా, నమ్మి ఉంటే వాడికోసం ఒక్క ప్రార్థనైనా చేసి ఉండవా, పద్దెనిమిదేళ్ళలో ఒక్కటి, ఎవరికోసమో, కాలు విరిగిన ఎద్దుకోసం కూడా చేశావే, వాడికోసం చేయలేదు, ఎందుకు చేయలేదు, మైకు చేతికొచ్చింది, చల్లగా ఉంది.

చేయలేదు ఎందుకంటే వాడు అక్కడే ఉండాలి, అది, ఓరి దేవా, అదే, ఆ ధనవంతుడి కథలో ఇటువాళ్ళు అటు పోలేనంత, అటువాళ్ళు ఇటు రాలేనంత పెద్ద అగాధం ఒకటి ఉంటుంది, ఆ ముక్క చదివిన ప్రతిసారీ లోపల ఎక్కడో హాయిగా ఉండేది, ఎందుకో ఇన్నేళ్ళూ తరచి చూసుకోలేదు, అగాధానికి అవతల ఉంటే ఓబుళేశు ఎదురుపడడు, పరలోకంలో ఉంటే పడతాడు, పోయిన మొదటి రోజే పడతాడు, నేరుగా వచ్చి పక్కన కూలబడి, ఏమప్పా సుందరం, ఇన్నేండ్లు నన్ను గురించి ఏమని మాట్లాడినావు, జనం బాగా విన్న్యారా, అని అడుగుతాడు, అడిగితే ఏ మొహం పెట్టుకొని జవాబు చెప్పాలి, అందుకని, ఒక్క ఆ మొహం చూడలేకనే, దేవుడు వేశాడో లేదో తెలియని మంటలో వాడిని తానే వేశాడు, ఏటా గుడ్ ఫ్రైడేకు కట్టెలు సర్దాడు, అవతల ఒక ఆడమనిషి సల్లనీళ్ళు మానేసింది, జోసెఫ్ ఫోను మీద ఎర్ర చుక్క వెలుగుతోంది, జనం మొహాలన్నీ పైకి లేచాయి, సుందరం మూడో వరస వైపు తిరిగాడు, శివజ్యోతీ, పొద్దున నువ్వడిగినదానికి ఇప్పుడు చెప్తా ఇనమ్మా, మీయమ్మకు కూడా ఇనిపించు, మీ నాయన నరకంలో ఉండాడని నాకు తెలిసి చెప్పలేదు, ఆయప్ప ఏడన్నా ఎదురుపడితే మొహం చూపించలేక చెప్పినా, ఆ రోజు చావాల్సింది నేను, నాకు మాట్లాడాలని ఆశగా ఉండాదని ఆయప్ప నా పనికి పోయినాడు.